క్లబ్ రేంజ్‌లో ఎయిర్ రైఫిల్: ఖాళీగా ఉందని తేల్చుకునేది ఎలా

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా తిరిగి చెబుతాను. మీ అమ్మాయికి 13 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే 10 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని గాలి తుపాకీతో కొట్టడం, నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. అక్కడి కోచ్ ప్రతి చిన్న విషయానికీ పిల్లలను గద్దిస్తున్నారని, రైఫిల్ కింద పెట్టిన ప్రతిసారీ గొట్టంలోకి ఒక నైలాన్ తీగ దూర్చమంటున్నారని, ఒకరోజు ఆ తీగ మరిచిపోయినందుకు మీ అమ్మాయిని సాయంత్రం దాకా వెనక బెంచీ మీద కూర్చోబెట్టారని రాశారు. లైసెన్సు కూడా అక్కర్లేని గాలి తుపాకీకి ఇంత హడావుడి అవసరమా అన్నది మీ మొదటి ప్రశ్న. సొంత రైఫిల్ కొంటే ఇంట్లో సాధన చేయించవచ్చా అన్నది రెండోది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి క్లబ్బుల్లో ముందు షూటర్‌గా, తరువాత కోచ్‌గా, కాల్పుల హాలును నడిపించే రేంజ్ ఆఫీసర్‌గా ఉన్నాను. మొదటి ప్రశ్నలో నేను పూర్తిగా ఆ కోచ్ పక్షమే. ఎందుకో వివరంగా చెబుతాను.

లైసెన్సు సంగతి ముందు తేలిపోతే మంచిది. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే 10 మీటర్ల రైఫిల్ శక్తి సుమారు ఏడెనిమిది జౌళ్లే కాబట్టి అది ఈ మినహాయింపులోకి హాయిగా వస్తుంది. అయితే ఆ మినహాయింపును చూసి దాన్ని ఆటబొమ్మ అనుకోకూడదు. అర గ్రాము బరువుండే సీసపు గుండు, అంటే పెల్లెట్, సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో, అంటే గంటకు 600 కిలోమీటర్ల వేగంతో గొట్టం దాటుతుంది. దగ్గరలో ఉన్న మనిషికి తగిలితే చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. కంటికి తగిలితే ఆ కన్ను ఇక మిగలదనే అనుకోవాలి. చట్టం లైసెన్సు అడగలేదంటే ఆ జాగ్రత్త బాధ్యత మొత్తం క్లబ్బు మీద, తుపాకీ పట్టుకున్న పిల్ల మీద పడిందని అర్థం.

ఇక తీగ గురించి. దాని అవసరం తెలియాలంటే ఈ రైఫిల్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. మన చిన్నప్పుడు ఊళ్లలో చూసిన, గొట్టం మధ్యకు విరిచి పెల్లెట్ పెట్టే స్ప్రింగు తుపాకీ వేరు. దాన్ని విరిస్తే గొట్టం వెనక చివర కళ్లెదుటే ఉంటుంది. పెల్లెట్ ఉందో లేదో తొంగి చూస్తే తెలిసిపోతుంది. పోటీ రైఫిల్ అలా కాదు. గొట్టం కింద గాలి నింపిన సిలిండర్ ఉంటుంది. పక్కన ఉన్న లివర్ తెరిస్తే చిన్న గాడి కనిపిస్తుంది, ఆ గాడిలో పెల్లెట్‌ను బొటనవేలితో ఉంచి లివర్ మూస్తే లోపలి పుల్ల ఆ పెల్లెట్‌ను గొట్టంలోకి నెట్టేస్తుంది. ఇక్కడే అసలు చిక్కు ఉంది. మందుగుండు రైఫిల్‌లో బోల్టు వెనక్కి లాగితే లోపలి తూటా కూడా బోల్టు కొక్కేనికి తగులుకుని బయటికి వస్తుంది. ఎయిర్ రైఫిల్‌లో అలాంటి కొక్కెం ఉండదు. ఒకసారి గొట్టంలోకి వెళ్లిన పెల్లెట్, గొట్టం లోపలి గోడకు చెక్కిన మెలిక గాళ్లలో బిగుసుకుని ఉండిపోతుంది. మళ్లీ లివర్ తెరిచి చూస్తే గాడి శుభ్రంగా, ఖాళీగా కనిపిస్తుంది. చూసినవాడు ఖాళీ అనుకుంటాడు, కానీ పెల్లెట్ ఒక వేలెడు దూరంలో గొట్టంలోనే ఉంటుంది.

నేను కూడా అలాగే అనుకున్నాను. పదిహేనేళ్ల కిందటి మాట; ఒక వేసవి శిబిరంలో ముప్ఫై మంది దాకా పిల్లలున్నారు, రైఫిళ్లు ఎనిమిదే. ఒక అబ్బాయి పెల్లెట్ పెట్టి లివర్ మూసిన క్షణంలోనే టీ విరామానికి స్టాప్ చెప్పాము. వాడు బుద్ధిగా లివర్ తెరిచి రైఫిల్‌ను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. విరామం తరువాత ఒక అమ్మాయికి నిలబడే భంగిమ సరిచేయాలని అదే రైఫిల్ తీసుకుని, లివర్ తెరిచే ఉంది కదా అని గాడిలోకి చూశాను. నిజంగానే చూశాను, నిర్లక్ష్యం చేయలేదు. గాడి ఖాళీగా ఉంది. "ఖాళీదే, డ్రై ఫైర్ చెయ్యమ్మా" అన్నాను, అంటే పెల్లెట్ లేకుండానే ట్రిగ్గర్ నొక్కి సాధన చెయ్యమని. హాలు వెనక భాగంలో జాకెట్లు పెట్టుకునే ఉక్కు బీరువా తలుపు మీద ఒక నల్ల చుక్క అంటించి, దానికి గురిపెట్టి నిలబడడం నేర్పేవాళ్లం. అది అంతకంటే పెద్ద తప్పని ఇప్పుడు తెలుసు. ఆమె లివర్ మూసింది, గురి చూసింది, ట్రిగ్గర్ తాకింది. టప్పుమని శబ్దం వచ్చింది. చుక్కకు అంగుళం పక్కన బీరువా తలుపు రంగు లేచిపోయి, శనగగింజంత సొట్ట పడింది. రేకులా చదునైపోయిన పెల్లెట్ నేల మీద దొరికింది. ఆ పిల్ల రైఫిల్ నా చేతికిచ్చి, మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది; ఆ శిబిరం అయ్యేదాకా మళ్లీ ముట్టుకోలేదు. అంతకు రెండు నిమిషాల ముందు ఆ బీరువా తెరిచి ఎవరో జాకెట్ తీసుకుని వెళ్లారు.

మీ అమ్మాయి చేత కోచ్ దూర్పించే తీగ పని ఇదీ. గడ్డి కోసే యంత్రాల్లో వాడే నైలాన్ తీగ లాంటిదే అది. నారింజ రంగో చిలకపచ్చో, దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపించేలా ఉంటుంది. గాడి దగ్గర దూర్చితే గొట్టం మొత్తం దాటి ముందు కొసన బయటికి రావాలి. గొట్టంలో పెల్లెట్ ఉంటే తీగ దాన్ని దాటలేదు, మధ్యలో ఆగిపోతుంది. అంటే ఆ తీగ కేవలం గుర్తు మాత్రమే కాదు, పరీక్ష కూడా. రెండు కొసలూ బయటికి కనిపిస్తున్న రైఫిల్‌లో పెల్లెట్ లేదని హాలు అవతలి గోడ దగ్గర నిలబడిన మనిషి కూడా, ఎవరినీ అడగకుండా తేల్చుకోగలడు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు ఎయిర్ రైఫిల్‌కు తీగ గొట్టం పొడవునా ఉండాలని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఇదే. పోటీలో తీగ పెట్టకపోతే జ్యూరీ హెచ్చరిస్తుంది. హెచ్చరించినా పెట్టనంటే పోటీ నుంచి తొలగిస్తుంది. కొందరు పిల్లలు తీగను రెండంగుళాలకు కత్తిరించి గాడిలో గుచ్చి ఊరుకుంటారు. అది జెండాలా కనిపిస్తుంది గానీ ఏమీ పరీక్షించదు. మీ అమ్మాయి సంచిలో ఉన్న తీగ పొడవెంతో ఒకసారి చూడండి. గొట్టం కంటే కనీసం జానెడు ఎక్కువ ఉండాలి.

తీగ మధ్యలో ఆగితే ఏం చేయాలో కూడా మీ అమ్మాయికి తెలిసి ఉండాలి. బలవంతంగా పొడవకూడదు, రైఫిల్‌ను తిప్పి ముందు కొస నుంచి లోపలికి తొంగి చూడకూడదు. నవ్వకండి, పెద్దవాళ్లు ఈ పని చేయగా నేను కళ్లారా చూశాను. గొట్టం లక్ష్యం వైపే ఉంచి, చేయి ఎత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి. ఆయన అనుమతితో ఆ పెల్లెట్‌ను లక్ష్యం వైపే కాల్చి ఖాళీ చేయిస్తారు. ఒక పెల్లెట్ ఉండగానే మరిచిపోయి రెండోది పెట్టి లివర్ మూసిన సందర్భాల్లో రెండూ ఇరుక్కుపోవచ్చు. అప్పుడు సిలిండర్ విప్పి, గొట్టం శుభ్రం చేసే కడ్డీతో కోచే తీయాలి. ఏ షూటర్‌కైనా "పెట్టానా, పెట్టలేదా" అనే అనుమానం ఒక్కసారైనా రాకుండా ఉండదు. అనుమానం వచ్చినప్పుడు పెట్టే ఉంటాననుకోవడమే పద్ధతి.

ఆజ్ఞల విషయానికి వస్తే నాలుగు మాటలే: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. లోడ్ అనే మాట వినపడకముందు పెల్లెట్ గాడిలోకి వెళ్లకూడదు. స్టాప్ అంటే ట్రిగ్గర్ మీది వేలు ఆ క్షణమే బయటికి రావాలి. "ఈ ఒక్కటీ కాల్చి ఆపుతాను" అనడానికి వీల్లేదు. పది సెకన్లు ఊపిరి బిగబట్టి గురి కుదిరిన క్షణంలో ఆపమంటే ఎంత కష్టమో షూటర్‌గా నాకు తెలుసు. అయినా స్టాప్ తరువాత పేలిన షాట్ భద్రతకు సంబంధించినదైతే పోటీ నుంచే తొలగించవచ్చని నియమం చెబుతోంది. క్లబ్బుల్లో నేను ఇంకొంచెం కఠినంగా ఉంటాను. స్టాప్ అనే మాటను రేంజ్ ఆఫీసరే కాదు, ప్రమాదం కంటపడిన ఎవరైనా అనవచ్చు, పదేళ్ల పిల్లవాడైనా సరే. అనవసరంగా అరిచాడని వాణ్ణి ఎవరూ కోప్పడకూడదు. ఒక్కసారి కోప్పడితే నిజంగా అవసరమైన రోజున వాడు నోరు మెదపడు.

ఈ నాలుగు మాటలు ముఖ్యంగా అక్కరకొచ్చేది ఎవరైనా ముందుకు వెళ్లవలసి వచ్చినప్పుడు. చాలా క్లబ్బుల్లో కాగితపు లక్ష్యం పైన కట్టిన వేరే తీగ మీద, మోటారుతోనో చేత్తో తిప్పే చక్రంతోనో మన దగ్గరికే వస్తుంది కాబట్టి మామూలుగా ఎవరూ ఫైరింగ్ లైన్ దాటనక్కర్లేదు. చిక్కల్లా లక్ష్యాన్ని మోసే ఆ తీగ జారినప్పుడు, కార్డు సగం దూరంలో ఆగిపోయినప్పుడు, ఎలక్ట్రానిక్ లక్ష్యంలో కాగితపు చుట్ట అయిపోయినప్పుడు వస్తుంది. ఒక్క నిమిషం పనే కదా, పక్క లేన్ వాళ్లు కాల్చుకుంటూ ఉండగా గోడ వెంబడి వెళ్లి వచ్చేద్దాం అనే బుద్ధి పుడుతుంది. ఆ పని ఎప్పుడూ చేయకూడదు. మొత్తం రేంజ్ ఆగాలి, రైఫిళ్లన్నీ ఖాళీ అయి వాటిలో నైలాన్ తీగలు పడాలి, అందరూ ఫైరింగ్ పాయింట్ నుంచి రెండడుగులు వెనక్కి జరగాలి, అప్పుడే ఒకరు ముందుకు వెళ్లాలి. ఆ మనిషి తిరిగి వచ్చేదాకా ఎవరూ రైఫిల్ ముట్టుకోకూడదు. గురి చూసే సైట్ సరిచేయడానికి కాదు కదా, కనీసం దుమ్ము తుడవడానికి కూడా. మా దగ్గర ముందుకు వెళ్లేవాళ్లు గోడ మీది ఎర్ర బల్బు స్విచ్ వేసి వెళ్తారు, తిరిగి వచ్చి వాళ్లే ఆపుతారు. మరొకరు ఆపడానికి లేదు.

కరెంటు పోవడం గురించి పుస్తకాల్లో పెద్దగా ఉండదు గానీ మన దగ్గర తప్పక నేర్పవలసిన విషయం. హాలు ఒక్కసారిగా చీకటైనప్పుడు పిల్లలు సహజంగా చేసే పని అటూ ఇటూ తిరగడం, పక్కవాణ్ణి పిలవడం, ఫోను కోసం జేబు తడుముకోవడం. భుజాన లోడ్ చేసిన రైఫిల్ ఉన్నప్పుడు ఇవన్నీ ప్రమాదమే. మేము నేర్పేదేమంటే, దీపాలు పోతే స్టాప్ అన్నట్టే. వేలు తీసేసి, గొట్టం లక్ష్యం వైపే ఉంచి, రైఫిల్‌ను స్టాండు మీదికి దించి, జనరేటర్ వచ్చేదాకానో రేంజ్ ఆఫీసర్ టార్చి వేసుకుని వచ్చేదాకానో అక్కడే నిలబడాలి. నెలకోసారి కావాలని స్విచ్ ఆపి చూస్తాను. మొదటిసారి అందరూ తిరుగుతారు. మూడోసారికి ఎవరూ కదలరు.

ట్రిగ్గర్ విషయంలో ఎయిర్ రైఫిల్‌కు ఒక ప్రత్యేకత ఉంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలని నియమం. రైఫిల్‌కు అలాంటి హద్దు లేదు. అందుకే అనుభవమున్నవాళ్లు దాన్ని వంద గ్రాములకో అంతకంటే తక్కువకో పెట్టుకుంటారు. అంటే తమలపాకు బరువు చాలదు గానీ తమలపాకుల కట్ట బరువు చాలు. సినిమాల్లోలాగా వేలితో గట్టిగా లాగితే తప్ప పేలదని అనుకునే కొత్త పిల్లలు, ట్రిగ్గర్ ఎక్కడుందో తడిమి చూసే లోపే పెల్లెట్ వెళ్లిపోతుంది. కాబట్టి గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయట చెక్క మీద ఉండాలి. కొత్తవాళ్లకు ట్రిగ్గర్ కొంచెం బరువుగా పెట్టమని కోచ్‌ను మీరే అడగండి. మంచి కోచ్ అయితే అడగకముందే పెట్టి ఉంటారు.

రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండవచ్చు. 13 ఏళ్ల అమ్మాయికి అది చిన్న బరువు కాదు. దానికి తోడు మందపాటి బట్ట, తోలుతో కుట్టిన బిగుతైన జాకెట్, ప్యాంటు. వాటిలో నడుము తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి, మనిషితో పాటు చేతిలోని రైఫిల్ కూడా తిరుగుతుంది. అందువల్లే రేంజ్‌లో వెనక నుంచి షూటర్‌ను పేరు పెట్టి పిలవకూడదు. ఇది ముఖ్యంగా మీలాంటి తల్లిదండ్రులకు చెబుతున్నాను. "బంగారం, ఇటు చూడు" అని ఫోటో కోసం పిలిచిన నాన్న వైపు గొట్టంతో సహా తిరిగిన పిల్లలను చూశాను. ఏం చెప్పాలన్నా కోచ్ ద్వారా, ఆమె రైఫిల్ కింద పెట్టి తీగ పెట్టాక చెప్పండి. మే నెలలో ఏసీ లేని హాల్లో ఆ జాకెట్ వేసుకుని గంటసేపు నిలబడితే కళ్లు తిరగడం కూడా మామూలే. షాట్ల మధ్య జాకెట్ గుండీలు విప్పుకోవడం, నీళ్లు తాగడం, చేతులు వణికితే రైఫిల్‌ను స్టాండు మీదికి దించేయడం ఆమెకు అలవాటు కావాలి. లోడ్ చేసిన రైఫిల్‌తో తూలడం కంటే ఆ రోజు పది షాట్లు తక్కువ కాల్చడం మేలు.

పెల్లెట్ కంటే నేను ఎక్కువ భయపడేది సిలిండర్‌కు. దానిలో సాధారణంగా 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు కాబట్టి, దానికి దాదాపు 90 రెట్లు ఒత్తిడి మీ అమ్మాయి చెంపకు జానెడు దూరంలో ఉందన్నమాట. దీనిలో పొడి, శుభ్రమైన గాలి తప్ప మరేదీ నింపకూడదు. స్కూబా డైవర్లు వాడే ట్యాంకు నుంచి గానీ, ప్రత్యేకమైన చేతిపంపు నుంచి గానీ నింపుతారు. ఎక్కడో గాలి దొరకక వెల్డింగ్ దుకాణం నుంచి ఆక్సిజన్ నింపుకుందామనే ఆలోచన ఎవరైనా చెబితే, ఆ మనిషి మాట మళ్లీ వినకండి. ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు చిటికెడు నూనె తగిలినా పేలుతుంది. ఇదే కారణంగా సిలిండర్ బిగించే మరల మీద గ్రీజు, నూనె రాయకూడదు. గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె చుక్క వేసిన పెద్దమనిషి ఒకాయన మా దగ్గరికి వచ్చారు, ఆ సిలిండర్‌ను వాడనివ్వలేదు. గాలి నింపేటప్పుడు వాల్వు నెమ్మదిగా తెరవాలి, ఎందుకంటే త్వరగా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, తరువాత చల్లారాక మీటరు తక్కువ చూపిస్తుంది, అప్పుడు మళ్లీ నింపాలనిపిస్తుంది. ఎండలో నిలిపిన కారులో సిలిండర్ ఉంచకూడదు. విమానంలో తీసుకెళ్లాలంటే గాలి మొత్తం వదిలేసి, రైఫిల్ నుంచి విప్పి, ముందుగా విమాన సంస్థకు చెప్పి తీసుకెళ్లాలి.

సిలిండర్ మీదే తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. పోటీ రైఫిళ్లు చేసే ప్రధాన ఐరోపా కంపెనీలు సాధారణంగా 10 ఏళ్ల కాలపరిమితి ఇస్తాయి. ఆ గడువు చూసుకోవలసిన బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ నియమాలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి. ఇది మీ కొనుగోలుకు నేరుగా సంబంధించిన మాట. 2012 లండన్‌లో గగన్ నారంగ్ ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఒకసారి, 2024 పారిస్‌లో మను భాకర్ పిస్టల్‌లో గెలిచినప్పుడు మరోసారి మా క్లబ్బుకు పిల్లలు గుంపులుగా వచ్చారు. వాళ్లలో చాలామంది ఏడాదిలో మానేశారు, వాళ్ల రైఫిళ్లు అమ్మకానికి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనడం తప్పు కాదు. అనుకున్నదానికంటే బాగా చవకగా వస్తోందంటే ముందు సిలిండర్ మీది తేదీ చదవండి. గడువు తీరిన సిలిండర్‌తో వస్తే కొత్త సిలిండర్ ధర కలుపుకుని బేరమాడండి. "ఇంకా బాగానే పనిచేస్తోంది" అనే మాటకు విలువ లేదు.

కళ్లద్దాల గురించి క్లుప్తంగా చెబుతాను. లక్ష్యం వెనక ఉండే ఉక్కు పెట్టెలో వాలుగా అమర్చిన రేకు పెల్లెట్‌ను కిందికి మళ్లిస్తుంది. ఆ రేకు కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. సొట్టలు పడి, లోపల సీసం పేరుకుపోయాక ముక్కలు వెనక్కి తుళ్లవచ్చు. ఉక్కు బీబీ గుండ్లయితే పెల్లెట్ కంటే ఎంతో ఎక్కువగా వెనక్కి ఎగురుతాయి, పైగా గాళ్లున్న గొట్టాన్ని పాడు చేస్తాయి. వాటిని రేంజ్‌లోకి రానివ్వకూడదు. షూటరే కాదు, పక్కన నిలబడే కోచ్, వెనక చూసేవాళ్లు కూడా పగలని అద్దాలు పెట్టుకోవాలి. చెవులకు దూది కంటే మెత్తని ఇయర్ ప్లగ్గులు మేలు. ఎయిర్ రైఫిల్ శబ్దం చిన్నదే, కానీ మూసిన హాల్లో పది రైఫిళ్లు రెండు గంటల పాటు పేలితే అది చిన్నది కాదు. పాటలు వినే ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, స్టాప్ వినపడదు.

తల్లిదండ్రులు అసలు ఆలోచించని ప్రమాదం సీసం. పెల్లెట్లు సీసంతో చేస్తారు. రోజుకు అరవై డెబ్బై పెల్లెట్లు వేళ్లతో తీసి పెట్టే పిల్ల వేళ్ల మీద బూడిదరంగు మసి మీరే చూడవచ్చు. ఆ చేతితో సమోసా తింటే ఆ సీసం కడుపులోకి వెళ్తుంది. ఎదిగే పిల్లల మెదడుకు సీసం పెద్దవాళ్లకంటే ఎక్కువ హాని చేస్తుంది. ఫైరింగ్ పాయింట్ దగ్గర తినకూడదు, నీళ్ల సీసా మూత పెట్టి వెనక ఉంచాలి, సాధన అయ్యాక సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోకుండా ఏదీ నోట్లో పెట్టకూడదు. పాతకాలపు వాళ్లలో రెండు మూడు పెల్లెట్లు పెదాల మధ్య పట్టుకుని కాల్చే అలవాటుండేది. మీ ఇంట్లో పెద్దలెవరైనా అలా చూపిస్తే మర్యాదగా వారించండి. జాకెట్, చేతి గ్లోవు మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉంచాలి. లక్ష్యాల దగ్గర ఉక్కు పెట్టెలు శుభ్రం చేసే పని పిల్లలకు, గర్భిణులకు అప్పగించకూడదు. అక్కడ చీపురుతో పొడిగా ఊడిస్తే సీసపు ధూళి గాలిలోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. మీ క్లబ్బులో చీపురు పట్టుకున్న పిల్లవాడు కనిపిస్తే ఆ విషయంలో మాత్రం కోచ్‌ను మీరు నిలదీయవచ్చు.

ఇప్పుడు ఇంట్లో సాధన సంగతి. మేడ మీద పది మీటర్లు కొలిచి పెల్లెట్ కాల్చడం వద్దని గట్టిగా చెబుతాను. పిట్టగోడ దాటిన పెల్లెట్ ఎక్కడ పడుతుందో మీ చేతిలో ఉండదు, పక్క మేడ మీద బట్టలారేసేవాళ్లు మీకు కనపడకపోవచ్చు, మెట్ల తలుపు తెరుచుకుని ఎవరు ఎప్పుడు ముందుకు వస్తారో తెలియదు. పావురాల మీదికి గురిపెట్టాలనే కోరిక ఇంట్లో మరో పిల్లవాడికి పుడితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాకా వెళ్లే వ్యవహారం కావచ్చు. నిజానికి ఇంట్లో పెల్లెట్ అవసరం కూడా లేదు. రైఫిల్ పట్టుకుని నిలబడడం, ఊపిరి, గురి నిలపడం, ట్రిగ్గర్ మెత్తగా తాకడం, ఇవన్నీ ఖాళీ రైఫిల్‌తో చేసే సాధనలే. పెద్ద షూటర్లు కూడా రోజులో చాలాసేపు చేసేది అదే. చాలా పోటీ రైఫిళ్లలో గాలి వదలకుండా ట్రిగ్గర్ ఒక్కటే పనిచేసేలా డ్రై ఫైర్ మీట ఉంటుంది. స్ప్రింగు రైఫిల్‌ను మాత్రం ఖాళీగా పేల్చకండి, లోపలి పిస్టన్ దెబ్బతింటుంది. దాన్ని విరిచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేతితో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే అది ఎగిరి మూసుకుని వేళ్లు నలుగుతాయి.

ఇంటి సాధనకు నేను పెట్టే షరతులు ఇవి. మొదలుపెట్టే ముందు తీగను గొట్టం చివరిదాకా దూర్చి తీయాలి, అది మీరు స్వయంగా చూడాలి. పెల్లెట్ల డబ్బా ఆ గదిలో ఉండకూడదు. వేరే గదిలో, తాళం వేసిన అల్మారాలో ఉండాలి. గురి చుక్క అంటించే గోడ ఇటుక గోడ కావాలి. తలుపు, కిటికీ, అవతల మంచమో వంటగదో ఉన్న పలుచని చెక్క గోడ కాకూడదు. నా బీరువా కథ మీకు తెలుసు. సాధన మధ్యలో ఫోను మోగినా, ఎవరైనా తలుపు కొట్టినా, రైఫిల్ కింద పెట్టి తీగ పెట్టి వెళ్లాలి; తిరిగి వచ్చాక మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి, మధ్యలో ఎవరూ ముట్టుకోలేదని తెలిసినా సరే. సాధన అయిపోయాక రైఫిల్ పెట్టెలోకి, పెట్టె తాళంలోకి. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు "అక్క తుపాకీ చూపించు" అంటే చూపించే అధికారం మీ అమ్మాయికి ఉండకూడదు, మీకే ఉండాలి.

ఇంకా నెలా రెండు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే కొనసాగించి, ఆ తరువాత కొనండి. ఈలోగా ఒక సాయంత్రం క్లబ్బుకు వెళ్లి, మీ అమ్మాయి షాట్లు చూడకుండా, స్టాప్ చెప్పిన తరువాతి అర నిమిషం మాత్రం చూడండి. బల్లల మీద ఎన్ని రైఫిళ్లకు రెండు వైపులా నారింజ తీగ కనిపిస్తోందో లెక్కపెట్టండి. ఒకదానికి లేకపోయినా, దాన్ని మీకంటే ముందు మరో పిల్లో కోచో గమనించి చెప్పారా లేదా అన్నది చూడండి. చెప్పినట్టయితే ఆ క్లబ్బులోనే ఉంచండి. ఎవరూ గమనించకపోతే ఆ సాయంత్రమే కోచ్‌తో మాట్లాడండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ అవసరం రాదనుకుంటున్నాను.